మన సాహిత్యంలో పెళ్ళికాని పిల్ల

కిందటి సంవత్సరం డిగ్రీ తరగతిలో కన్యాశుల్కం పాఠం ముగించిన రోజున ఒక విద్యార్థిని లేచి నిలబడి, “సుబ్బికి ముసలివాడితో పెళ్ళి తప్పింది, సరే. ఆ తర్వాత సుబ్బి ఏమైంది సార్?” అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వి, “ఎవరో తగినవాణ్ణి చూసి చేసివుంటారులే” అని పుస్తకం మూసేశాను. పదేళ్ళుగా ఈ నాటకం చెబుతున్నాను. గురజాడ సంస్కరణ దృష్టిని గురించి, పాత్రపోషణను గురించి, భాషను గురించి గంటలకొద్దీ మాట్లాడగలను. కాని ఆ అమ్మాయికి నేనిచ్చిన జవాబు అగ్నిహోత్రావధాన్లు ఇంటి అరుగుమీద కూర్చున్న ఏ పొరుగువాడైనా ఇవ్వగలిగిందే. పెళ్ళి తప్పిన పిల్లకు మరొక పెళ్ళి తప్ప వేరే భవిష్యత్తు నాకు తోచలేదు.

ఇది నా ఒక్కడి అజాగ్రత్త అయితే వ్యాసం రాయవలసిన పని లేదు. మన ఆధునిక సాహిత్యం కూడా దాదాపు ఇదే జవాబు ఇస్తూ వచ్చిందని ఆలోచించిన కొద్దీ నాకు రూఢి అవుతున్నది. ఈ సంగతిని కొంచెం వివరంగా పరిశీలించడమే నా ఉద్దేశం.

ముందు భాష సంగతి చూద్దాం. పెళ్ళి చేసుకోని మగవాడికి ‘బ్రహ్మచారి’ అనే గౌరవప్రదమైన మాట వుంది. ఆ మాటలో నియమం వుంది, సొంత నిర్ణయం వుంది. అదే స్థితిలో వున్న స్త్రీకి వాడుకలో అటువంటి మాట లేదు. ‘అవివాహిత’ అనేది దరఖాస్తు కాగితాల మీద తప్ప నోటిమీదికి రాదు. ‘కన్య’ అనే మాటను దానం అనే మాట వెన్నంటే వుంటుంది. ఇక ఇంట్లోనూ వీధిలోనూ వినిపించేది ‘పెళ్ళికాని పిల్ల’. నలభయ్యేళ్ళు వచ్చినా, పదిమంది చేత పని చేయించే హోదాలో వున్నా ఆమె పిల్లే. ధర్మశాస్త్రకారులు ఎనిమిదేళ్ళ పిల్లను గౌరి అన్నారు, తొమ్మిదేళ్ళ పిల్లను రోహిణి అన్నారు, పదేళ్ళ పిల్లను కన్య అన్నారు. ఆపైన వయసుకంతటికీ రజస్వల అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. పెళ్ళికాకుండా పెరిగిన స్త్రీ వుండనే కూడదు గనుక ఆమెకు పేరు పెట్టవలసిన అవసరం వారికి కనిపించలేదు.

వీటన్నిటికంటె బాగా వాడుకలో వున్నది ‘గుండెల మీద కుంపటి’. ఈ నుడికారం ఎవరి తరఫున పుట్టిందో చూడండి. గుండెలు తండ్రివి. మంట తండ్రిది. ఆయన మీద మనకు జాలి కలుగుతుంది. కుంపట్లో నిప్పయి వున్నది ఎవరో, ఆ నిప్పు రాజేసింది ఎవరో నుడికారం చెప్పదు. భాషలో పెళ్ళికాని స్త్రీ బాధపడే మనిషిగా లేదు, బాధపెట్టే వస్తువుగా వుంది. సాహిత్యం ఈ భాషలోనుంచే పుట్టాలి గనుక, దానికి ఆ దోషం అంటకుండా వుండడం కష్టం.

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి మన సంఘసంస్కర్తలు స్త్రీ వివాహం గురించి ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేశారు. ఏ వయసులో చెయ్యాలి? ఎవరికి చెయ్యాలి? ఎంత సొమ్ము చేతులు మారాలి? మొదటి ప్రశ్నకు 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్ళని జవాబు చెప్పింది. చివరకు 1978లో అది 18 ఏళ్ళయింది. రెండో ప్రశ్నలో భాగంగా 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి వెలివేతలను ఎదుర్కొన్నారు. మూడో ప్రశ్నకు 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఈ మూడు పోరాటాల విలువను తగ్గించి మాట్లాడేవాడు చరిత్ర తెలియనివాడు. అయితే వీటికి వెనక నాలుగో ప్రశ్న ఒకటి వుంది. చేసుకోవాలా, అక్కరలేదా అనేది ఎవరు నిర్ణయించాలి? దీన్ని సంస్కరణోద్యమం వెయ్యలేదు. వితంతువు సమస్యకు దానికి తోచిన పరిష్కారం కూడా మరొక వివాహమే.

ఇందుకు సంస్కర్తలను నిందించి లాభం లేదు. స్త్రీకి ఆస్తి లేనప్పుడు, వేతనం లేనప్పుడు, తండ్రి ఇంటి అన్నం నుంచి మొగుడి ఇంటి అన్నానికి మారడం తప్ప ఆమె బతుకుకు దారి లేదు. పెళ్ళి వద్దనడమంటే అన్నం వద్దనడమే. అందుచేత ఆడపిల్ల మీద పెళ్ళి ఒత్తిడి ‘ఆచారం’ నుంచి పుడుతున్నదనే మామూలు మాటను నేను ఒప్పుకోలేను. ఆచారం ఆ ఒత్తిడికి నోరిస్తుంది, మంత్రమిస్తుంది, ముహూర్తమిస్తుంది. ఒత్తిడి పుట్టేది మాత్రం ఇంటి జమాఖర్చు పుస్తకంలో. ఆ పుస్తకంలో పిల్ల ఏ వైపున పడితే ఆచారం ఆ వైపుకు తిరుగుతుంది. మన సాహిత్యం నుంచీ సినిమా నుంచీ మూడు దశలు తీసుకుంటే ఇది తేటపడుతుంది.

మొదటి దశలో పిల్ల జమ. 1892లో విజయనగరంలో ప్రదర్శించబడి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మార్చి రాయబడిన కన్యాశుల్కం ఈ దశకు చెందిన నాటకం. మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ కొన్ని లెక్కలిచ్చారు. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళ కాలంలో జరిగిన ఇటువంటి పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించగా 1034 తేలాయి. వాటిలో 99 మంది పిల్లల వయసు అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఒక్క ఏడు. ఏడాది పిల్లకు పెళ్ళి చెయ్యమని తొందరపెట్టింది రజస్వలా భయమని ఎవరూ అనలేరు. ఆ భయానికి ఇంకా పదేళ్ళ గడువుంది. తొందరపెట్టింది సొమ్ము.

ఈ సత్యాన్ని గురజాడ ఉపన్యాసంగా చెప్పలేదు. కథా సంవిధానంలోనే ఇమిడ్చి చూపాడు. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేయించి లుబ్ధావధాన్లుకు పెళ్ళికూతురుగా అంటగడతాడు. బేరం సాగుతుంది, సొమ్ము చేతులు మారుతుంది, పెళ్ళి జరిగిపోతుంది. మనం ఈ ఘట్టానికి కడుపుబ్బ నవ్వి వదిలేస్తాము. కాని దాని అర్థం ఎంత కఠోరమైనదో ఆలోచించండి. పెళ్ళికూతురి స్థానంలో ఆడపిల్ల అన్నది లేకపోయినా పెళ్ళి జరిగిపోయింది. ఆ వ్యవహారానికి కావలసింది ఒక వెల, ఒక చీర, ఇద్దరు మగవాళ్ళ ఒప్పందం. ఆడపిల్ల లేకుండానే కన్యాదానం సాధ్యమని నిరూపించిన నాటకం మరొకటి నేను చదవలేదు.

ఈ నాటకంలో సొంత గొంతుతో, సొంత తెలివితో వ్యవహారం నడిపే అవివాహిత ఒకతె వుంది. ఆమె మధురవాణి. విమర్శకులు ఆమె చమత్కారాన్ని, ఔదార్యాన్ని ఎంతో మెచ్చుకున్నారు. ఆమెను వేశ్యగా, సంస్కారవతిగా చూశారు గాని ‘పెళ్ళికాని స్త్రీ’గా చూసినవారు తక్కువ. పెళ్ళి లేకుండా బతికే అనుమతి సంఘం ఆమె కులానికి ఇచ్చింది. ఆ అనుమతికి వెల ఆమె శరీరం. గురజాడకు మాట్లాడగల, లెక్క తెలిసిన, మగవాణ్ణి ముఖాముఖి ప్రశ్నించగల పెళ్ళికాని స్త్రీ కావలసివస్తే గృహస్థుల ఇళ్ళలో దొరకలేదు. అది రచయిత లోపం కాదు. ఆనాటి సంఘం గీసిన గీత అక్కడ వుంది.

ఆ గీతను కూడా ఆయన ఒకచోట దాటాడనే చెప్పాలి. నాటకం చివర బుచ్చమ్మను గిరీశానికిచ్చి వితంతు వివాహం జరిపించి తెరదించితే చూసేవాళ్ళు సంతోషించి వుండేవారు. గురజాడ ఆమెను పూనాలోని వితంతువుల హోముకు చదువుకోవడానికి పంపాడు. (పూనాలో కర్వే స్థాపించిన ఆశ్రమం 1896 నాటిది.) భర్త లేని స్త్రీకి పరిష్కారం మరొక భర్తే కానక్కరలేదని, ముందు చదువు, నీడ, ఆలోచించుకోవడానికి గడువు కావాలని ఈ ముగింపు చెబుతున్నది. మనం గిరీశం పరాజయాన్ని చూసి నవ్వే హడావుడిలో బుచ్చమ్మ ప్రయాణాన్ని గమనించకుండా వదిలేశాము. మా విద్యార్థిని ప్రశ్నకు అసలు జవాబు మొదలయ్యేది అక్కడే. నేనే చూడలేదు.

రెండో దశలో పిల్ల ఖర్చు. కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయం ఈ దశకు అద్దం. వెల ఇలా తలకిందులు కావడానికి కారణాలు చాలా వున్నాయి. ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం వచ్చిన తర్వాత వరుడికి నెలనెలా జీతం అనే విలువ ఏర్పడింది. కృష్ణా గోదావరి ఆనకట్టల కింద రెండు పంటలు పండించుకున్న కుటుంబాల చేతుల్లో ఆ విలువను కొనగల డబ్బు చేరింది. నిన్న పిల్లను అమ్ముకున్న వర్గమే నేడు అల్లుణ్ణి కొనడం మొదలుపెట్టింది. శాస్త్రం మాత్రం రెండింటికీ ఆశీర్వచనం పలికింది. ఆచారమే మూలమైతే ఇంత సులభంగా అటునుంచి ఇటు ఎలా తిరుగుతుంది?

ఈ నాటకంలో పురుషోత్తమరావు దేశభక్తుడు, ఆదర్శవాది, కట్నమంటే అసహ్యించుకునేవాడు. కూతుళ్ళకు చదువు చెప్పించాడు. అయినా, “పిల్లకు పెళ్ళి చెయ్యక తప్పదు గదా” అనే భావం ముందు ఆ ఆదర్శమంతా ఓడిపోతుంది. పొలం అమ్మి సొమ్ము తెస్తాడు. కాళింది ఆ అవమానాన్ని భరించలేక ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల అదే వరుణ్ణి పెళ్ళి చేసుకుని, కొనుక్కున్న మొగుడే తన ఇంటికి రావాలని వాదించి అత్తవారి లోభాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. 1939లో చిత్తజల్లు పుల్లయ్య ఈ నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు కాళిందిగా నటించిన భానుమతికి అదే మొదటి చిత్రం. నాటకంగానూ సినిమాగానూ ఈ కథ ఎన్నో ఇళ్ళలో కట్నం ప్రసక్తి వచ్చినప్పుడు తలదించుకునేటట్టు చేసింది.

అయినా ఈ రెండు పాత్రలను పక్కపక్కన పెట్టి చూడండి. అక్కకు చావు, చెల్లెలికి పెళ్ళి. చదువుకున్న ఇద్దరు ఆడపిల్లల ముందు రచయిత వుంచగలిగిన దారులు రెండే. కట్నం ఇవ్వననీ, పెళ్ళి కాకపోతే కాకపోనీ, నా కూతురు నా ఇంట్లో వుంటుందనీ తండ్రి అనడు. నేను ఇలాగే వుంటానని కూతురూ అనదు. గురజాడ పూర్ణమ్మ కూడా మొగుడింటికి బయలుదేరవలసిన రోజున కొలనులో కలిసిపోయింది. మన సంస్కరణ సాహిత్యంలో ఆడపిల్ల నిరాకరణ వినబడాలంటే ఆమె చనిపోవాలి. చనిపోయిన పిల్లను ప్రేమించడం మనకు సులభం. కాదని చెప్పి బతికివున్న పిల్లను ఇంట్లో వుంచుకోవడం కష్టం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కన్యాశుల్కం, వరవిక్రయం అగ్రవర్ణాల గృహచ్ఛిద్రాలు. కాయకష్టం మీద బతికే కులాలలో వరుడి తరఫువారు పిల్లకు ఓలి ఇచ్చే ఆచారం వుండేది. పిల్ల వెళ్ళిపోతే రెండు చేతుల పని తగ్గుతుంది గనుక ఆ నష్టానికి చెల్లింపు అది. ఆ కుటుంబాల్లోకి కట్నం ప్రవేశించడం ‘గౌరవం’ పెరగడమని మనవాళ్ళు చాలాకాలం అపోహపడ్డారు. మరొక వైపు, తెలంగాణ పల్లెల్లో దళిత బాలికలను దేవత పేరున జోగినులుగా విడిచిపెట్టారు. ఒక వీధిలో పదేళ్ళు దాటినా పెళ్ళికాని పిల్ల వుంటే కులం చెడుతుంది. ఇంకొక వీధిలో పిల్లకు ఏ మనిషితోనూ పెళ్ళి కాకుండా చూడడమే ఊరికి మేలు. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసింది 1988లో. రెండు వీధులనూ ఏలినది ఒకే ధర్మం. పెళ్ళి చెయ్యాలన్నా, చెయ్యకూడదన్నా, లెక్క మరొకరిది. ఇది మరిచిపోయి ‘భారతీయ స్త్రీ’ అని ఒక ముద్ద చేసి మాట్లాడే విమర్శ వల్ల ప్రయోజనం లేదు.

మూడో దశలో పిల్ల జీతం. ఈ దశను మన సాహిత్య విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. 1976లో తెలుగు ప్రేక్షకులు రెండు సినిమాలు చూశారు. ఒకటి యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా వచ్చిన సెక్రటరీ. ఉద్యోగానికి వెళ్ళిన జయంతి కథ ధనవంతుడైన రాజశేఖరంతో పెళ్ళి దగ్గర ముగుస్తుంది. ఉద్యోగం ఇక్కడ మంచి వరుణ్ణి చేరే వంతెన. వంతెన దాటిన తర్వాత దాని గురించి ఎవరూ ఆలోచించరు. రెండోది బాలచందర్ తీసిన అంతులేని కథ. అంతకు రెండేళ్ళ ముందు ఆయనే తమిళంలో తీసిన చిత్రానికి ఇది తెలుగు రూపం. తండ్రి ఇల్లు విడిచిపోయాడు, అన్న తాగుబోతు, వదిన, పిల్లలు, విధవ అయిన చెల్లెలు, చూపులేని తమ్ముడు. అందరినీ పోషించేది సరిత జీతం. ప్రేమించినవాణ్ణి చెల్లెలికిచ్చి పెళ్ళి చేస్తుంది. చివరకు తన పెళ్ళి కూడా ముహూర్తం దాకా వచ్చి, అన్న చనిపోవడంతో ఆగిపోయి, ఆమె మళ్ళీ ఉద్యోగానికి బయలుదేరుతుంది.

దీనికి పదహారేళ్ళు ముందే, 1960లో, బెంగాలులో ఋత్విక్ ఘటక్ ‘మేఘే ఢాకా తారా’ తీశాడు. దేశవిభజన వల్ల కలకత్తా చేరిన కాందిశీక కుటుంబం. పెద్దకూతురు నీత సంపాదనే ఆధారం. ఆమె కోసం వచ్చే యువకుడు చెల్లెలివైపు మొగ్గుతుంటే తల్లి అడ్డు చెప్పదు. నీత వెళ్ళిపోతే ఇల్లు గడవదు. ఆ తల్లి దుర్మార్గురాలు కాదు, బియ్యం డబ్బా అడుగు చూసిన మనిషి. చివరకు నీత క్షయతో కొండల మధ్య ఆసుపత్రిలో పడుతుంది. ఆ చిత్రంలో ఘటక్ సాధించిన గొప్పతనం ఏమిటంటే, త్యాగాన్ని పూజించమని మనల్ని అడగలేదు. ఆ త్యాగాన్ని తిన్నవాళ్ళు ఎవరో వరసగా చూపించాడు. అంతులేని కథలో సరిత కోపిష్టి కావడం, నోరున్నది కావడం మంచి చిత్రణే. కాని చివరకు ఆమెను దేవతను చేసి దండం పెట్టి పంపించడంతో, ఇంట్లో మిగిలినవాళ్ళంతా మన జాలిలో భాగం పంచుకుని నిర్దోషులుగా బయటపడతారు.

ఈ మూడు దశలూ కలిపి చూస్తే ఒత్తిడి స్వభావం మనకు బోధపడుతుంది. సంపాదన లేని పిల్లను పెళ్ళి చేసుకొమ్మని నెట్టే కుటుంబమే సంపాదించే పిల్లను చేసుకోకుండా ఆపగలదు. మొదటిదాన్ని పరువు అంటారు, రెండోదాన్ని బాధ్యత అంటారు. రెండు సందర్భాల్లోనూ ఆమెను అడిగినవారు లేరు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. చెప్పకుండా ఇతరుల నిర్దోషిత్వాన్ని ప్రశ్నించడం న్యాయం కాదు. నాన్నగారు పనిచేసే మిల్లు మూతబడినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అక్కయ్యకు ఇరవైరెండు. ఆ ఏడే ఆమెకు టీచరుద్యోగం వచ్చింది. నా హైస్కూలు చదువు దగ్గర నుంచి ఎం.ఏ. దాకా ప్రతి ఫీజూ ఆమె జీతంలోనుంచి వెళ్ళింది. ఆ పదేళ్ళలో ఆమెకు మూడు సంబంధాలు వచ్చాయి. ఒకటి మరీ దూరమన్నారు. ఒకటి జాతకం కుదరలేదన్నారు. అప్పటిదాకా మా ఇంట్లో జాతకాలు చూసినవాళ్ళు లేరు. మూడోవాళ్ళు ఉద్యోగం మానిపించి తీసుకుపోతామన్నారు. “మానేస్తే ఎట్లా? తమ్ముడి చదువు కానీ” అన్నది అమ్మ. నేను పక్కగదిలో చదువుకుంటున్నాను. విన్నాను. వినీ చదువుకున్నాను.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నుంచి కథ మారిపోయింది. అంతవరకు అక్కయ్య పెళ్ళి ఊసెత్తని చుట్టాలందరికీ హఠాత్తుగా ఆమె వయసు గుర్తుకు వచ్చింది. “అక్కను ఇలాగే వుంచేస్తావా?” అని నన్ను నిలదీశారు. భార్య పోయినవాళ్ళ, పిల్లలున్నవాళ్ళ సంబంధాలు తెచ్చారు. ఆమె జీతం ఇంటికి అక్కరలేకుండా పోయిన ఏడూ, ఆమె పెళ్ళికాకపోవడం పరువుతక్కువ అయిన ఏడూ ఒక్కటే. తరగతిలో ఆ అమ్మాయి ప్రశ్న విన్న తర్వాత, ఇన్నేళ్ళకు మొదటిసారి, అసలు నీ ఉద్దేశం ఏమిటని అక్కయ్యను అడిగాను. ఆమె కూరలు తరుగుతున్నది. “అప్పుడు చేసుకోవాలని వుండేదిరా, ఎవరూ అడగలేదు. ఇప్పుడు అక్కర్లేదనిపిస్తోంది, ఎవరూ ఊరుకోవడం లేదు” అన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన సిద్ధాంతమంతా ఆ రెండు వాక్యాల్లో వుంది.

సమస్య జమాఖర్చులది అయినప్పుడు చట్టాన్ని కూడా చూడాలి. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ పుట్టుకతో హక్కు ఏర్పడింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు ఆ హక్కు వర్తించలేదు. పెళ్ళికాకుండా వుండడం మన నేలమీద ఒక హక్కుకు అర్హత కావడం విచిత్రమే. 2005లో పార్లమెంటు చేసిన సవరణ వల్ల ఆ తేడా పోయి, పెళ్ళయినా కాకపోయినా కూతురు కూతురే అయింది. దానితో పాత వాదం మాత్రం పోలేదు. కట్నం రూపంలో వాటా ఇచ్చేశామని పెళ్ళయిన కూతురితో అంటారు, నీకెవరున్నారు, నీకెందుకమ్మా అని పెళ్ళికాని కూతురితో అంటారు.

ప్రభుత్వాల దృష్టి కూడా ఇంటి దృష్టికి మరీ దూరం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2014లో ప్రారంభించిన కల్యాణలక్ష్మి కింద 2018 నాటికి పేదింటి పిల్ల పెళ్ళికి 1,00,116 రూపాయలు ఇచ్చేది. అదే ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1000 రూపాయల పింఛను మొదలుపెట్టింది. పేద తల్లిదండ్రులకు మొదటిది అక్కరకు రాలేదని నేననను. పద్ధెనిమిదేళ్ళు నిండాలన్న షరతు వల్ల మేలే జరిగింది. ఒంటరి స్త్రీలను ఒక వర్గంగా గుర్తించడం కూడా మంచి పనే. కాని ఆ లెక్కన పెళ్ళికి ఒక్కరోజున ఇచ్చిన సొమ్ము ఒంటరిగా బతికే స్త్రీకి చేరడానికి వంద నెలలు పడుతుంది. దేనికి ప్రోత్సాహం, దేనికి జాలి అన్న తేడా ఆ రెండు అంకెల్లో వుంది.

ఇంతకూ మీరు పెళ్ళికి వ్యతిరేకులా అని అడిగేవారుంటారు. కాను. నేను పెళ్ళయినవాణ్ణే. ఇష్టపడి చేసుకునే పెళ్ళికి విలువ రావాలంటే వద్దనగల స్వేచ్ఛ ముందు వుండాలంటున్నాను. కాదనడానికి వీలులేని చోట అవుననడానికి అర్థం లేదు. ఇప్పుడు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, ఈ సమస్య పాతబడింది అనేవారు మరికొందరు. చదువు వయసును కొంచెం ముందుకు జరిపింది. ప్రశ్నను మార్చలేదు. పద్ధెనిమిదికి అడిగేది ఇరవైఅయిదుకు అడుగుతున్నారు. పెద్ద పట్నాలలో కూడా ఒంటరిగా వుండే స్త్రీ ఇల్లు అద్దెకు తీసుకోబోతే, జీతం ఎంతని కాక, ఎవరెవరు వస్తుంటారని అడిగే ఇంటివాళ్ళున్నారు.

మన సాహిత్యంలో తిరుగుబాటు లేదనడం కూడా నా ఉద్దేశం కాదు. చలం రాజేశ్వరి వుంది. ఓల్గా 1987లో రాసిన స్వేచ్ఛలో అరుణ వుంది. పెళ్ళి వల్ల స్వేచ్ఛ వస్తుందని నమ్మి చేసుకుని, అందులో అది లేదని తెలుసుకుని ఆమె బయటికి వచ్చిన తీరు మన నవలా చరిత్రలో ముఖ్యమైన మలుపు. అయితే నేను చదివినంతలో మన తిరుగుబాటు నాయికలు ఎక్కువగా భర్తను వదిలి వచ్చేవారే. భర్త లేకుండానే బతుకు మొదలుపెట్టి, అందులో చావకుండా, దేవత కాకుండా, చెడిపోకుండా, మామూలు మనిషిగా నెలాఖరు కష్టాలతో, స్నేహాలతో, కోపతాపాలతో కథ నడిపే స్త్రీ ఇప్పటికీ అరుదు. కాదనే హక్కు సంపాదించుకోవడానికి ఒకసారి పెళ్ళి గుండా నడిచి రావలసిందేనా?

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిననాటి నుంచి, సాహిత్యం శ్రమ చేసేవారి పక్షాన నిలవాలని మనం చెబుతున్నాము. కర్షకుడి శ్రమను, కార్మికుడి శ్రమను గుర్తించాము. ఇళ్ళలో తమ్ముళ్ళ చదువులుగా, చెల్లెళ్ళ కట్నాలుగా, తల్లిదండ్రుల మందులుగా మారిపోయిన పెళ్ళికాని ఆడపిల్లల శ్రమను గుర్తించామా? దాన్ని త్యాగమని పేరు పెట్టి లెక్కలోనుంచి తప్పించాము. త్యాగమంటే చాలు, బాకీ తీర్చనక్కరలేదు. పెట్టుబడిదారు ఎగవేసిన కూలిని పట్టుకోగలిగిన కన్ను, అక్క జీతాన్ని చూడలేకపోవడం దృష్టిలోపం కాదు. ఆ జీతం తిన్నది మనమే గనుక చూడదలచుకోలేదు.

రచయితలు ఇంక పెళ్ళికాని స్త్రీ కథ రాసేటప్పుడు ఆమెకు పెళ్ళి ఎందుకు కాలేదన్న ప్రశ్నతో మొదలుపెట్టనక్కరలేదు. ఆమె జీతం ఎంత, దానిలో ఆమె చేతికి మిగిలేది ఎంత, ఇల్లు ఎవరి పేర వుంది, జ్వరం వస్తే కాఫీ ఎవరిస్తారు, ఆదివారంనాడు ఎవరిని చూడడానికి వెళుతుంది అని అడగండి. కథ దానంతటదే నడుస్తుంది. విమర్శకులు కూడా నాయికకు న్యాయం జరిగిందా అని తేల్చేముందు, ఆ న్యాయం కింద మరొక పెళ్ళో, మరొక చావో దాక్కుని వున్నదేమో చూడాలి.

ఈ సంవత్సరం మళ్ళీ కన్యాశుల్కం చెప్పాలి. సుబ్బి ఏమైంది అని ఎవరైనా అడిగితే, గురజాడ రాయలేదని చెబుతాను. బుచ్చమ్మను పూనా పంపిన ముగింపు మరొకసారి చదివిస్తాను. ఎవరూ అడగకపోతే ఆ ప్రశ్న నేనే వేస్తాను.